తారు పూసిన పలకలు

ఆ ఏడు చలికాలం మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. అదే మా కొంప ముంచింది. ఒక్కరు నోరు చేసుకున్నా బాగుండేది. మా నాన్నకి అల్లుడంటే మొహమాటం. మా బావకి మామంటే గౌరవం. మా అక్కకి ఇద్దరన్నా భయం లేదు గానీ, ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని నోరు కట్టేసుకుంది. అమ్మ మాత్రం రోజంతా మాట్లాడుతూనే ఉండేది, గిన్నెలతో.

నాన్నది తూము దగ్గర పని. మడుగుకీ కింద కాలవకీ మధ్య కట్టలో రాతితో కట్టిన సందు ఒకటుంది. దానికి రెండు వైపులా గాడులు. ఆ గాడుల్లో మందపాటి చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి దించుతారు. వానల్లో పలకలన్నీ ఉంటే మడుగు నిండుతుంది. చలి మొదలయ్యాక పైనుంచి ఒక్కో పలకా కొక్కెంతో లాగేస్తే నీళ్ళు మెల్లమెల్లగా దిగుతాయి. నీళ్ళు దిగినకొద్దీ ఒడ్డు చుట్టూ కొత్త బురద బయటపడుతుంది. ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో వచ్చిన పిట్టలు ఆ బురద అంచునే పురుగూ నత్తా ఏరుకుంటూ, నీళ్ళ వెనకాలే మడుగు నడిమికి నడుస్తాయి. పలక తియ్యడం ఆలస్యమైతే అవి కట్ట మీద వరసగా నిలబడి నాన్న వంక చూసేవి. "మీ అక్కచెల్లెళ్ళు వచ్చారండీ, పెట్టిపోతలు చూసుకోండి" అని అమ్మ వంటింట్లోంచే ఎగతాళి చేసేది.

ఆ ఏడు మడుగులో చేపలు పెంచుకునే గుత్త బావ చేతికొచ్చింది. అది నమ్ముకునే బావ వేరు కాపురం పెట్టాడు.

వేరు కాపురమంటే మా అక్కకి ఏమిటో చెప్పాలి. అత్తగారింట్లో ఉమ్మడి వంటిల్లు. ఉప్పు డబ్బా ఎక్కడుండాలో అత్తగారే చెప్పాలి. అక్క తన కోసమని దాచుకున్న టీ గ్లాసు సాయంత్రానికల్లా ఏ తోడికోడలి చేతిలోనో ఉండేది. గ్లాసుకేముంది, గ్లాసే కదా అంటారు. రోజూ అలా అనిపించుకునేవాళ్ళకి తెలుస్తుంది. మా వీధి చివర రెండు గదులు తీసుకున్నారు. ఒకటి పడుకోవడానికి, ఒకటి అక్కకి. ఆ వంటింటికి అలమార లేదు. గోడకి మేకులు కొట్టి సంచులు వేలాడదీసింది. "చేపలు పట్టాక మంచి చెక్కతో కొట్టిస్తానే" అన్నాడు బావ. అక్క ఆ గోడ మీద అలమార ఎంత మేర రావాలో బొగ్గుతో గీత గీసుకుంది. దులిపినప్పుడు ఆ గీత చెరిగిపోకుండా పక్కపక్కనే దులిపేది.

వానలు పట్టకముందు బావ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులకి జవాబులు రాక, ఇంట్లో అందరి పనులకీ అడ్డంపడుతున్న రోజులవి.

"మరదలు పిల్లా, ఇంకా కలెక్టరు కాలేదా?" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"నీ చేపలకి చదువు చెప్పడానికి రమ్మంటే వస్తా బావా."

"చెప్పు తల్లీ. త్వరగా ఎదగడమెలాగో అదొక్కటి చెప్పు చాలు."

నవ్వాం. తింటూ తింటూ కంచంలోకి చూస్తూ అన్నాడు: "మామయ్యా, ఈ ఏడు పలకలు తియ్యకపోతే ఏమవుతుంది?"

నాన్న నమలడం ఆపాడు.

"నీళ్ళు నిండుగా ఉంటే చేప బాగా తిరుగుతుంది. తగ్గితే అన్నీ నడిమికి చేరి ఇరుక్కుంటాయి, గూడబాతులూ కొంగలూ ఎంచుకుని మరీ తింటాయి. పోయినేడు గుత్తవాడు అలాగే పోయాడు. ఒక్క ఏడు మామయ్యా. చలి వెళ్ళాక వలేసి పట్టేస్తాను. తర్వాత మీ ఇష్టం."

నాన్న అక్క వైపు చూశాడు. అక్క వేళ్ళతో మెతుకులు ఒక పక్కకి జరుపుతోంది.

"దానికేముంది బాబూ" అంది అమ్మ, నాన్న బదులు. "ఆయన మాత్రం అల్లుడి మాట కాదంటారా?"

నాన్న అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. మజ్జిగ పోయించుకున్నాడు.

తర్వాతి వారం బావ తారు డబ్బాతో తూము దగ్గరికి వచ్చాడు. మడుగు ఇంకా అడుగునే ఉంది. ఎండిన పలకలు గాడుల్లో దించేశాక వాటి సందులన్నిటికీ కాలవ వైపు నుంచి తారు పూసి, నిలువుగా ఇనప పట్టీలు పెట్టి బిగించాడు. నేను డబ్బా పట్టుకున్నాను. ఆ పలకలు ఎప్పుడూ కొంచెం కొంచెం కారేవి. ఆ కారే నీళ్ళకి కట్ట కింద పల్లం ఏడాది పొడవునా చిత్తడిగా ఉండేది. నాన్న కట్ట మీద కూర్చుని చూస్తున్నాడు.

"కొంచెం కారేది ఇదివరకు" అన్నాడు చివరికి.

"ఇక చుక్క కూడా కారదు మామయ్యా!" అన్నాడు బావ ఉత్సాహంగా. మామగారి తూముకి ఏదో మేలు చేస్తున్నానన్న సంబరం అతని మొహంలో. మోచేతుల దాకా తారు. "మీరు ఇన్నాళ్ళు ఒక్కరే కష్టపడ్డారు. నన్నడిగితే ఎప్పుడో చేసిపెట్టేవాణ్ణి."

నాన్న లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. అమ్మతో అన్నాడట: "సరదా పడుతున్నాడు. కాదంటే ఏం బాగుంటుంది?"

వానలు బాగా పడ్డాయి. మడుగు అంచుల దాకా నిండి కట్టని తాకుతూ నిలబడింది. చూడ్డానికి ఎంత అందమో. బావ రోజూ సైకిలు మీద కట్ట చుట్టి వచ్చేవాడు, చంటిపిల్లాడి తండ్రిలా. చలి మొదలవగానే పిట్టలు వచ్చాయి.

వచ్చి దిగలేదు. మడుగు మీద చుట్లు కొట్టాయి. ఒక మంద దిగబోయి, నీళ్ళు అంటకముందే లేచింది. ఇంకోటి దిగి, కట్ట రాళ్ళ మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడింది. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు.

"వాటి కాళ్ళు చూడు. అవిగో ఆ పొట్టికాళ్ళవి, మడమ తడిస్తే చాలు వాటికి. అంతకన్నా లోతైతే ముక్కు అడుగుకి అందదు. ఆ పొడుగు కాళ్ళవి మోకాలి దాకా దిగుతాయి. బాతులైతే తలకిందులై తోక పైకెత్తి అడుగున గడ్డి దుంపలు లాగుతాయి. ఇప్పుడు చూడు, తోకలు పైకే ఉన్నాయి, నోట్లోకేం రావట్లేదు."

"పల్లంలోకి వెళ్ళొచ్చుగా నాన్నా, కట్ట కింద?"

నాన్న అటు చూపించాడు. పల్లం ఎండి బీటలు వారి ఉంది. చుక్క కూడా కారలేదు, బావ అన్నట్టే.

"వేరే మడుగులకి పోతాయిలే" అన్నాడు నాన్న. "రెక్కలున్నాయిగా." ఆ మాట నాకు చెప్పలేదు. తనకి తను చెప్పుకున్నాడు. అది తప్పని ఆ వారంలోనే తెలిసింది. అవి పోలేదు. ఎన్నో ఏళ్ళుగా వస్తున్న చోటు కదా, ఇవాళ కాకపోతే రేపైనా తలుపు తీస్తారని కాచుకున్నట్టు చుట్టుపక్కలే తిరిగాయి. ఆకలికి పొలాల మీద పడ్డాయి.

మొదట అరుస్తూ వచ్చినవాడు గొంతు పెదనాన్న. నాన్నకి వరసకి అన్న. ఆయన మామూలుగా మాట్లాడినా రెండు వీధులకి వినపడుతుంది కాబట్టి ఆ పేరు.

"ఏరా, మీ చుట్టాలు నా నారుమడి తొక్కి ముద్ద చేశారు! తడి కనపడితే చాలు దిగుతున్నాయి. విత్తనం మిగల్లేదు!"

"నా మడి మాత్రం మిగిలిందా అన్నయ్యా?" అన్నాడు నాన్న. నిజమే. అమ్మ విత్తిన మా మడి కూడా పోయింది.

"మరి నీళ్ళు వదలవేం?"

నాన్న తన కాళ్ళ వంక చూసుకున్నాడు. అల్లుడు వద్దన్నాడని చెప్పలేడు. తనే వద్దనుకున్నానని అబద్ధమూ ఆడలేడు. గొంతు పెదనాన్న కాసేపు చూసి, తగ్గిన గొంతుతో, అంటే ఒక వీధికి మాత్రమే వినపడేలా, "నీ మొహమాటం తగలెయ్య" అని వెళ్ళిపోయాడు.

అందరూ మళ్ళ మీద నైలాను వలలు కప్పారు. అమ్మ కూడా కప్పింది. అక్క ఒకరోజు ఉదయం అమ్మని జల్లెడ అడగడానికి వచ్చింది. మేం ముగ్గురం మడి దగ్గరికి వెళ్ళేసరికి వలలో ఒక పొట్టికాళ్ళ పిట్ట చిక్కుకుని ఉంది. కొట్టుకునీ కొట్టుకునీ ఊరుకుంది. పిట్టల మీద అమ్మకి ఎన్నడూ ప్రేమ లేదు. అయినా కత్తెర తెచ్చి వల కత్తిరించసాగింది. "వల దండగ" అని గొణుగుతూనే, కాలికి చుట్టుకున్న దారం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగపట్టింది.

"ఇదుగో, కాస్త పట్టుకో" అని అక్క చేతుల్లో పెట్టింది.

అక్క రెండు చేతుల్లో పట్టుకుంది. బొటనవేలు దాని రొమ్ము మీదికి పోయింది. వంట చేసే చెయ్యి కదా, కండ ఎక్కడుండాలో ఆ వేలికి తెలుసు. ఈకల కింద ఎముక ఒక్కటే ఉంది, కత్తి వెనక అంచులాగా.

"అమ్మా, దీనికి ఒంట్లో ఏం లేదే."

"లేదు" అంది అమ్మ. దారం తెగింది.

అక్క దాన్ని గట్టు మీద పెట్టింది. అది నాలుగడుగులు పరిగెత్తి ఎగరకుండా కూర్చుంది. అక్క జల్లెడ తీసుకోవడం మరిచిపోయి వెళ్ళింది. మధ్యాహ్నం నేనే పట్టుకెళ్ళాను.

వాళ్ళ వంటింటి గడప దగ్గరే ఆగిపోయాను. లోపల ఇద్దరూ ఉన్నారు. అరుపులు లేవు. అరుపులుంటే లోపలికి వెళ్ళేదాన్నే.

"ఒక్క పలక తీద్దామండీ" అంటోంది అక్క.

"ఇప్పుడు వేలంత ఉన్నాయే చేపలు. చెయ్యంత కావాలి. ఇప్పుడు నీళ్ళు దించితే పెద్ద పిట్టల నోట్లో పోసినట్టే."

"ఒక్కటే కదా."

"ఒక్కటి తీస్తే మీ నాన్న రెండోది తీస్తారు. ఆయన చెయ్యి ఆగదు. ఆయన్నేం అనలేను నేను. మళ్ళీ మా అమ్మ వంటింట్లోకి వెళ్తావా? చెప్పు. వెళ్తానను, ఇప్పుడే వెళ్ళి తీసేస్తాను."

అక్క గోడకేసి చూస్తోందని నాకు తెలుసు, బొగ్గు గీత ఉన్న వైపు.

"నేనడిగింది పలక గురించి" అంది చివరికి.

నేను జల్లెడ గడప మీద పెట్టి వచ్చేశాను.

ఈ పీటముడిని తెగ్గొట్టినవాడు గొంతు పెదనాన్న. ఈసారి అరవలేదు. మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, మామూలు మనిషిలా నెమ్మదిగా చెప్పాడు. "గింజలకి మందు పట్టించాన్రా. నేనొక్కణ్ణే కాదు, మా వైపు వాళ్ళందరం. ఎల్లుండి చల్లుతున్నాం. మీ కోళ్ళూ మేకలూ ఉంటే కట్టేసుకోండి."

"అన్నయ్యా, చచ్చిన పిట్ట మడుగులోనే పడుతుంది."

"పడుతుంది. నాకు తెలీదా? నీ అల్లుడి చేపలు పోతాయని నాకు బాధ లేదనుకున్నావా? మరి నేనేం తినను?" గ్లాసు నాకిచ్చి లేచాడు.

ఆయన అంత మెల్లగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి. అది ఊరంతటికీ వినపడింది.

మర్నాడు పొద్దున్నే బావ వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వెనక అక్క. "ఒక్క పలక తీద్దాం మామయ్యా. ఒక్కటే" అన్నాడు. నాన్న చెప్పులైనా వేసుకోకుండా కొక్కెం పట్టుకుని బయల్దేరాడు.

ముందు ఇనప పట్టీల మేకులు ఊడదీశారు. పై పలకకున్న కడియానికి కొక్కెం తగిలించి నాన్న లాగాడు. కదల్లేదు. బావా నాన్నా కలిసి లాగారు. కడియం ఊడి చేతికొచ్చింది, పలక రాలేదు. చెక్క లోపలివైపు నీళ్ళకి ఉబ్బింది, బయటివైపు తారు పట్టేసింది. పలకలన్నీ కలిసి ఒక్క గోడైపోయాయి. నాన్న వంగి చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇది ఇక పలకలు కాదు అల్లుడూ" అన్నాడు. "తియ్యడానికి లేదు. బద్దలు కొట్టాలి. కొడితే ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదు."

మడుగు నిండుగా, కదలకుండా ఉంది. దూరంగా రాళ్ళ మీద పిట్టలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. బావ మొహంలో ఒక్క క్షణం ఏదో తేలికపడింది, నేను చూశాను. రాదు కదా, తనేం చేస్తాడు. వెంటనే ఆ తేలికకి తనే సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు.

అక్క జాకెట్టు చేతులు పైకి తోసుకుంది. "గునపం ఇటివ్వు నాన్నా."

"ఒక్కటి విరిగితే అన్నీ పోవచ్చే" అన్నాడు బావ.

"తెలుసు."

"మరి..." అన్నాడు. వంటిల్లు అనే మాట అనలేకపోయాడు.

"తెలుసండీ."

గునపం ఎత్తింది. దాని బరువుకి మొదటి దెబ్బ పక్కకి జారి రాయికి తగిలింది. రెండోసారి ఎత్తబోతుంటే బావ వచ్చి ఆమె చేతుల మీద చెయ్యి వేశాడు. "ఇలా కాదు, చెయ్యి బెణుకుతుంది. తప్పుకో" అని తీసుకున్నాడు. తనే కొట్టాడు.

పై పలక నిలువునా చీలింది. దానితో పాటే కిందవి కూడా మూడో నాలుగో కదిలిపోయాయి. నీళ్ళు నాన్న అనుకున్నదానికన్నా పెద్ద చప్పుడుతో కాలవలో పడ్డాయి. వాటితో పాటు వెండి ముక్కల్లా బావ చేపలు. అతను ముందే కాలవకి అడ్డంగా కట్టిన వల మొదటి తోపుకే తెగిపోయింది.

సాయంత్రానికి కూడా ఆగలేదు. మడుగంతా పోయేలా ఉంది. నాన్నా బావా మట్టి మూటలు మోసుకొచ్చి నడుము లోతు నీళ్ళలో దిగి తూముకి అడ్డం వేస్తున్నారు. నేనూ అక్కా పైనుంచి అందిస్తున్నాం. ఒక మూట నాన్న చేతిలోంచి జారి కొట్టుకుపోయింది.

"పట్టుకోండి మామయ్యా, చేతులు లేవా!" అని అరిచాడు బావ.

నాన్న నీళ్ళలో నిలబడిపోయాడు. మేం కూడా. తర్వాత నాన్న గొంతు లేచింది, గొంతు పెదనాన్నకి తమ్ముడేనని అప్పుడు తెలిసింది. "నువ్వు తారు పూసిన రోజే చెప్పాల్సింది నీకు!"

"మరి చెప్పరేం! నోట్లో ఏముంది!"

"అల్లుడివి కదరా! ఏం చెప్తాం!"

"చెప్పాలి! కొట్టి చెప్పాలి!"

తిట్టుకుంటూనే మూటలు వేశారు. కట్ట మీద నిలబడ్డ అమ్మ "అమ్మయ్య" అంది. చీకటి పడేసరికి నీళ్ళు కొంచెం కొంచెంగా కారే దాకా తెచ్చారు.

పిట్టలు మర్నాడు రాలేదు. ఇక రావేమో అని నాన్న కట్ట మీదే కూర్చున్నాడు. ఆ మర్నాడు తెల్లారేసరికి బురద నిండా అవే. అడుగులు, ముక్కులు గుచ్చిన గుర్తులు, కీచుమని అరుపులు. పొలాలు ఖాళీ అయ్యాయి. గొంతు పెదనాన్న మందు గింజల్ని గొయ్యి తీసి పాతిపెట్టాడు. అయితే నీళ్ళు మెల్లగా దిగాల్సింది ఒక్కసారిగా దిగాయి కదా, రోజూ కొత్త బురద అంచు రాలేదు. ఉన్న బురద ఎండకి పెచ్చులు కట్టడం మొదలుపెట్టింది. మూటలు కాస్త వదులు చేసి నాన్న రోజూ పిసరంత నీళ్ళు దించేవాడు, నడిమిన మిగిలిన కొద్ది నీళ్ళలోంచే. ఆ కొద్ది నీళ్ళలోనే బావ చేపలు ఉన్నాయి. గూడబాతులు వాటి చుట్టూ కూర్చుని తీరిగ్గా తిన్నాయి. బావ ఒడ్డున నిలబడి చూసేవాడు. ఒక్కసారి కూడా రాయి విసరలేదు.

పిట్టలు ఎప్పటికన్నా ముందే వెళ్ళిపోయాయి. అవి వెళ్ళకముందే అక్కావాళ్ళు కూడా రెండు గదులు ఖాళీ చేశారు. సామాను బండిలో పెడుతూ బావ విరిగిన పలక ముక్క ఒకటి కూడా ఎక్కించాడు. ఎందుకని నేనడగలేదు.

ఎండలు ముదిరాక అక్కని చూడ్డానికి వాళ్ళ అత్తగారింటికి వెళ్ళాను. ఉమ్మడి వంటిల్లు అలాగే ఉంది, పొగా, గోలా. ఒక మూల మాత్రం గోడకి కొత్తగా చెక్క అలమార ఉంది. పైవైపు నున్నగా చిత్రిక పట్టారు. అడుగు వైపు తారు అలాగే ఉంది. దాని మీద అక్క డబ్బాలు, అక్క గ్లాసు.

"ఆ వాసనకి తలనొప్పి వస్తోందమ్మా, తీసెయ్యమంటే వాడు వినడు" అంది అత్తగారు నాతో, అక్కకి వినపడేలా.

అక్క ఆవిడ వెళ్ళేదాకా ఆగి అడిగింది. "పిట్టలు ఎప్పుడు వెళ్ళాయి?"

"చలి ఉండగానే."

"ఒళ్ళు చేశాయా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "కొన్ని చేశాయే. అన్నీ కాదు. ఆలస్యంగా దిగినవాటికి తినడానికి ఎక్కువ రోజులు లేవు."

అక్క బొటనవేలు అలమార అంచు మీద అటూ ఇటూ రాసింది, లోపల ఏముందో వెతుకుతున్నట్టు. కాసేపటికి గ్లాసు తీసి కడిగి, టీ పోసి నా ముందు పెట్టింది.

"ఈ తారు వాసనకి దీని జోలికెవరూ రావట్లేదే" అంది. "నువ్వు కాబట్టి ఇస్తున్నా. తాగి ఇక్కడే పెట్టు."